నవలా పఠనము – వాదవ్యాస రచన: మూకండపల్లి తెలుగు విద్యార్థి దృష్టితో ఒక విమర్శ

తెలుగున నవల పుట్టి నూటయేబది సంవత్సరములు దాటినది. నవలను గూర్చిన వాదమును ఇంచుమించు దానితోపాటే పుట్టినది. కందుకూరి వీరేశలింగము పంతులుగారి ‘రాజశేఖర చరిత్రము’ 1878లో ‘వివేకవర్ధని’ పత్రికయందు వెలువడ నారంభించి, 1880లో గ్రంథరూపము దాల్చెను. కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రిగారు దానిపై విపులమైన విమర్శనమును ప్రకటించిరి. 1872లో నరహరి గోపాలకృష్ణమసెట్టిగారు రచించిన ‘శ్రీ రంగరాజ చరిత్రము’ తొలి నవలయా, వీరేశలింగముగారి గ్రంథము తొలి నవలయా యను చర్చ నేటికిని పూర్తిగా సద్దుమణగలేదు. ఈ విధముగా తెలుగు నవల పుట్టుకనుండియు వాదమునకు విషయమైనది. కాని ఆ నవలను చదువు విద్యార్థి పరీక్షాపత్రమున వ్రాయునది మాత్రము వాదము కాదు. అది కథాసంగ్రహము, కాదేని పాత్రల గుణకీర్తనము. ఈ రెంటికిని మించిన మార్గమును తెలుగు తరగతిగదులు అతనికి సాధారణముగా చూపుట లేదు.

నవలపై వాదవ్యాసమనగా నేమో ముందుగా నిర్ణయించుకొనుట మేలు. నవలను శ్రద్ధగా చదివినవారిలో కొందరైనను కాదనుటకు వీలున్న ఒక అభిప్రాయమును ప్రకటింపవలెను. దానికి నవలలోనుండియే ఆధారములు చూపవలెను. ఎదిరిపక్షమునకు బలమైన రూపము నిచ్చి దానిని పరిశీలింపవలెను. తుదకు తన అభిప్రాయమును నిలుపుకొనవలెను, లేదా సవరించుకొనవలెను. ఈ నాలుగు పనులలో ఏది లోపించినను అది వ్యాసము కావచ్చును గాని వాదవ్యాసము కాదు. ‘రాజశేఖరుడు అమాయకుడు’ అనుట వాదము కాదు. దానిని కాదనువాడు లేడు. ‘రాజశేఖర చరిత్రము గొప్ప నవల’ అనుటయు వాదము కాదు. దానిని పరీక్షించుటకు కొలబద్ద లేదు.

ప్రాంతపు స్థితి

ఈ లోపము తెలుగు బోధన జరుగు అన్ని తావులందును కలదు. కాని మూకండపల్లి వంటి చోట దాని ఫలితము మఱింత తీవ్రము. మూకండపల్లి హోసూరు పట్టణమున కానుకొనియుండి, నేడు ఆ నగరపాలక సంస్థలో కలిసిన ఊరు. బెంగుళూరునుండి కృష్ణగిరికి పోవు రాజమార్గము దీని చెంతనే సాగును. సిప్కాట్ పారిశ్రామికవాడ ఏర్పడిన పిమ్మట పైరుపొలముల నడుమ యంత్రశాలలు వెలసినవి. పలు ప్రాంతముల కార్మికులు వచ్చి చేరిరి. తెలుగు, కన్నడము, తమిళము ఒక్క వీథిలోనే వినబడును. హోసూరు సీమ కోలారు, కుప్పము సీమలతో కలిపి మొరసునాడని పూర్వమునుండి వ్యవహరింపబడుచున్నది. పరిపాలన దృష్ట్యా ఇది సేలము జిల్లాలోనుండి 1965లో ధర్మపురి జిల్లాలోనికిని, 2004లో కృష్ణగిరి జిల్లాలోనికిని మాఱినది. జిల్లాలు మాఱినను ఇంటిలోని తెలుగు మాఱలేదు.

ఇల్లు దాటిన తెలుగునకు మాత్రము తావు కుంచించుకొనిపోయినది. 2006లో తమిళనాడు శాసనసభ చేసిన తమిళ అభ్యసన చట్టము ననుసరించి తమిళము ఒకటవ తరగతినుండి క్రమముగా నిర్బంధపాఠ్యమై, 2015–16 విద్యాసంవత్సరమునకు పదవ తరగతిని చేరెను. దానిపై అల్పసంఖ్యాక భాషలవారు న్యాయస్థానముల నాశ్రయించిరి. చట్టము యొక్క మంచిచెడ్డలు ఈ వ్యాసమునకు విషయము కావు. ఇచట గమనింపవలసినది ఒక్కటే. పొలముగట్టుపై తగవు తెలుగున జరుగును. కార్యాలయమున, న్యాయస్థానమున వాదము తమిళముననో ఆంగ్లముననో జరుగును. తగవునకు పనికివచ్చు భాష వాదమునకు పనికిరాదను నమ్మకము బాలుని మనస్సున నాటుకొనుటకు ఇంతకంటె వేఱు పాఠము అక్కఱలేదు. ఆ నమ్మకమును తొలగింపగలది తెలుగు తరగతిగది యొక్కటియే. అదియు కథాసంగ్రహముతోనే తృప్తిపడినచో, బాలుడు తెలుగున వాదించుట ఎన్నడును చూడకయే చదువు ముగించును.

రచనాబోధన చరిత్ర

తెలుగు విద్యార్థి ఎట్లు వ్రాయవలెనను ప్రశ్న చెన్నపురి రాజధానిలో శతాబ్దమునకు పూర్వమే పెద్ద వివాదమైనది. నాడు హోసూరును ఆ రాజధానిలోనిదే. స్కూలు ఫైనలు పరీక్షలో దేశభాషారచనకు స్థానము లభించినపుడు, ఆ రచన గ్రాంథికమున నుండవలెనా, శిష్టవ్యావహారికమున నుండవలెనా యని పండితులు రెండు పక్షములైరి. జె. ఎ. యేట్సు దొరయు, గిడుగు రామమూర్తి పంతులుగారును, గురజాడ అప్పారావుగారును ఒకవైపు నిలిచిరి. 1911లో స్థాపితమైన ఆంధ్ర సాహిత్య పరిషత్తును, జయంతి రామయ్య పంతులుగారును రెండవవైపు నిలిచిరి. 1914లో గురజాడవారు మద్రాసు విశ్వవిద్యాలయమునకు సమర్పించిన అసమ్మతి పత్రము ఈ వివాదమున ప్రసిద్ధమైనది.

ఆ వివాదమునుండి నేటి ఉపాధ్యాయుడు గ్రహింపవలసినవి రెండు కలవు. మొదటిది: నాటి ప్రధాన వాదపత్రములు ఆంగ్లమున వ్రాయబడినవి. గురజాడవారి అసమ్మతి పత్రము ఆంగ్లము. ఆధునికాంధ్రమును గూర్చి గిడుగువారు వెలువరించిన విజ్ఞాపన ఆంగ్లము. నిర్ణయము చేయు ప్రభుభాష అదియైనందున అట్లు వ్రాయుట వారికి తప్పలేదు. అయినను తెలుగు రచన ఎట్లుండవలెనను వాదమే తెలుగున సాగకుండుట ఆలోచింపదగిన విషయము. రెండవది: ఆ వివాదమున శైలికి వచ్చిన ప్రాధాన్యము యోచనాక్రమమునకు రాలేదు. కాలక్రమమున వ్యావహారికము పాఠశాలలలో నెలకొనెను. కాని ఏ భాషలో వ్రాయవలెనను ప్రశ్న తీఱినంతనే, ఎట్లు తర్కింపవలెనను ప్రశ్నయు తీఱినదని అందఱును భావించిరి. అది తీఱలేదు. నేటి విద్యార్థి సులభమైన తెలుగున వ్రాయుచున్నాడు; గైడులోని వాక్యములనే వ్రాయుచున్నాడు.

తెలుగు విద్యార్థికి ఆదర్శములు లేకపోలేదు. చిత్తూరు సీమకు చెందిన కట్టమంచి రామలింగారెడ్డిగారి ‘కవిత్వతత్త్వ విచారము’ 1914లో వెలువడెను. పింగళి సూరనార్యుని ‘కళాపూర్ణోదయము’ను ఆధారముగా గొని, ప్రబంధ కవిత్వముపై ఒక నిర్ణయమును ధైర్యముగా ప్రకటించి, హేతువులు చూపిన గ్రంథమది. దానితో ఏకీభవింపని పండితులు పెక్కుమంది. అంతమంది కాదనుటకు వీలిచ్చుటయే వాదగ్రంథమునకు లక్షణము.

వాదమున కంగములు

వాదవ్యాసము ఆంగ్లవిద్య వలన వచ్చిన దిగుమతి వస్తువని కొందఱి యభిప్రాయము. ఇది సరికాదు. న్యాయశాస్త్రము వాదమునకు అయిదు అవయవములు చెప్పినది: ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణము, ఉపనయము, నిగమనము. మీమాంసకులు విషయమును, సంశయమును, పూర్వపక్షమును ముందు నిలిపి, పిదప సిద్ధాంతము చేయుదురు. సత్యము తెలిసికొనుటకు చేయునది వాదము. గెలుపు కొఱకు చేయునది జల్పము. తనకు పక్షము లేక ఎదుటివానిని ఖండించుటయే పనిగా చేయునది వితండము. ఈ విభాగమును పదునాలుగేండ్ల బాలుడు సులభముగా గ్రహింపగలడు. ఊరిలో మూడును ప్రతిదినము వినుచునే యున్నాడు.

ఈ అవయవములలో విద్యార్థులు తఱచుగా విడిచిపెట్టునది ఉపనయము. ‘రాజశేఖరుడు పొగడ్తలకు లొంగెను’ అని ప్రతిజ్ఞ చేయుదురు. నవలలోని ఒక ఘట్టమును చెప్పుదురు. ఆ ఘట్టము ఆ ప్రతిజ్ఞను ఎట్లు నిలుపుచున్నదో చెప్పక ముందునకు పోవుదురు. చదువరి ఆ మధ్యనున్న గండిని తానే దాటవలసియుండును. ఉపాధ్యాయుడు ప్రతి ఘట్టము చెంత ‘అయిన నేమి?’ అని ఒక్క ప్రశ్న వేసినచో ఉపనయము దానంతట అదియే పుట్టును.

ఒక నవల, రెండు పేర్లు

ఈ పద్ధతి పనిచేయు విధము ‘రాజశేఖర చరిత్రము’ ద్వారమున చూపవచ్చును. రాజశేఖరుడు ధవళేశ్వరమున సంపన్న గృహస్థుడు. స్తోత్రము చేయువారికి ధనము వెచ్చించి, బంగారము చేసెదనన్న బైరాగిని నమ్మి ఉన్న బంగారమును పోగొట్టుకొనును. పేదయై కుటుంబముతో కాశీయాత్రకు బయలుదేరి, త్రోవలో దొంగల పాలగును. పిదప శోభనాద్రిరాజు వలన చెఱసాల కేగును. తుదకు రామరాజను పేర మాఱువేషమున తిరుగుచున్న పెద్దాపురపు ప్రభువు కృష్ణజగపతి మహారాజు అతని కష్టములను తొలగించును. మరణించెనని తలచిన అల్లుడును, మరణించినదని తలచిన కుమార్తె రుక్మిణియు తిరిగి లభింతురు. ఆలివర్ గోల్డ్‌స్మిత్ 1766లో వెలువరించిన ఆంగ్ల నవల ఛాయ ఇందు కలదనుట ప్రసిద్ధమే.

ఈ నవలకు ‘వివేకచంద్రిక’ యని మఱియొక పేరు కలదు. 1887లో హచిన్‌సన్ దీనిని ఆంగ్లీకరించినపుడు అదృష్టచక్రమను అర్థము వచ్చు పేరు పెట్టెను. ఒక పేరు వివేకమును, రెండవ పేరు అదృష్టమును కథకు కేంద్రముగా నిలుపుచున్నవి. ఈ రెండు పేర్లలో ఏది నవలకు తగినది? తరగతిలో వేయదగిన ప్రశ్న ఇది. దీనికి గైడులో సమాధానము లేదు. నవల తెఱవక సమాధానము చెప్పుటకు వీలులేదు.

గైడు చదివిన విద్యార్థి ఇట్లు ప్రారంభించును: ‘రాజశేఖర చరిత్రము వీరేశలింగముగారి గొప్ప రచన. ఇందు నాటి మూఢాచారములు చక్కగా వర్ణింపబడినవి. కావున వివేకచం్రిక అను పేరు సార్థకమైనది.’ ఇందు ప్రతిజ్ఞ కలదు. దానికి ఆధారము లేదు. శిక్షణ పొందిన విద్యార్థి ఇట్లు ప్రారంభింపవచ్చును: ‘ఈ నవలలో తండ్రిని రక్షించినది అదృష్టము; కుమార్తెను రక్షించినది వివేకము. కనుక రెండు పేర్లును చెరిసగము మాత్రమే సరిపోవును.’ ఇది కాదనుటకు వీలున్న మాట. దొంగల దాడి పిమ్మట తెలివి వచ్చిన రుక్మిణి, ఒంటరి స్త్రీకి కలుగు ఆపద నూహించి పురుషవేషము ధరించుట దీనికి ఉదాహరణము. ఆమెకు ఆ యోచన ఎవరును చెప్పలేదు, ఆమె పరిస్థితిని కొలిచి తానే నిర్ణయించుకొనినది అనుట ఉపనయము. తండ్రి విషయమున అట్టి నిర్ణయము కనబడదనియు, అతని చెఱ విడుదల మహారాజు రాకవలన కలిగినదనియు చూపిన పిమ్మట నిగమనము వచ్చును.

ఇక పూర్వపక్షము. మహారాజు సహాయము కేవలము అదృష్టము కాదు, రామరాజు ప్రభువని యెఱుగకయే ఆ కుటుంబము అతనితో స్నేహము చేసినది, ఆ స్నేహమే ఫలించినది అని ఎదుటివాడు చెప్పవచ్చును. ఇది బలమైన ఆక్షేపణ. దీనిని విద్యార్థి దాచరాదు. ‘ఆ స్నేహము సౌజన్యమును నిరూపించును, వివేకమును నిరూపింపదు. రాజశేఖరుడు బైరాగిని చేరదీసినదియు ఆ సౌజన్యముతోనే గదా’ అని అతడు సమాధానము చెప్పవచ్చును. లేదా ఆక్షేపణ సత్యమని తోచినచో తన ప్రతిజ్ఞను కొంత తగ్గించుకొనవచ్చును. అట్లు తగ్గించుకొనుట ఓటమి కాదు; చదువు సాగుచున్నదనుటకు గుర్తు.

మఱియొక నవల

మూకండపల్లి విద్యార్థికి ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులుగారి ‘మాలపల్లి’ మఱియొక విధముగా చేరువ కాగలదు. 1922లో వెలువడిన ఆ నవల రెండు పర్యాయములు ప్రభుత్వ నిషేధమునకు గుఱియై, 1937లో చక్రవర్తి రాజగోపాలాచారిగారి మంత్రివర్గ కాలమున విముక్తి పొందెను. ఆ రాజగోపాలాచారిగారు 1878లో జన్మించిన తొరపల్లి హోసూరు సమీపముననే కలదు. తన ఊరి చెంత పుట్టిన ఒక పురుషునికిని, తాను చదువు ఒక తెలుగు నవలకును ఇట్టి సంబంధము కలదని తెలిసినపుడు విద్యార్థికి గ్రంథము పరాయిది కాదు.

అందలి కూలి తగవు యంత్రశాలల నడుమ పెరుగు బాలునకు విడమఱచి చెప్పనక్కఱలేదు. కూలి ధాన్యరూపమున నీయవలెనా, ధనరూపమున నీయవలెనా యను వివాదము. చౌదరయ్య చేతిదెబ్బకు సంగదాసు మరణించుట. అన్న వెంకటదాసు తక్కెళ్ల జగ్గడను పేర తిరుగుబాటు మార్గము పట్టుట. తండ్రి రామదాసు సహనమును విడువకుండుట. నవల ఎవరి పక్షము? రామదాసుపై గ్రంథకర్తకు గల గౌరవము స్పష్టము. కాని వెంకటదాసు వాదమునకును నవలలో తగినంత తావు లభించినది. రచయిత గౌరవించిన పక్షమును, కథ బలపఱచిన పక్షమును ఒక్కటియేనా? ఈ ప్రశ్నపై తరగతి రెండుగా చీలుట నిశ్చయము. అట్లు చీలిన నాడే వ్యాసరచనకు తగిన సమయము.

నవల పెద్దది, పాఠశాలా విద్యార్థికి సమగ్రముగా చదువుట కష్టము కావచ్చును. రెండుమూడు ప్రకరణములను నిదానముగా చదివి వాటిపై వాదించుట, నూఱు పుటల సంగ్రహమును వల్లించుటకంటె మేలు.

ఉపాధ్యాయుని పని

మొదటి మార్పు ప్రశ్నలో రావలెను. ‘రాజశేఖరుని పాత్రను చిత్రింపుము’ అనునది సంగ్రహమునే కోరును. ‘రాజశేఖరుని పతనమునకు వంచకులు ఎక్కువ కారణమా, అతని స్వభావము ఎక్కువ కారణమా? నీ పక్షమును నిరూపింపుము’ అనునది వాదమును కోరును. ప్రశ్నాపత్రము మాఱనిచో బోధన మాఱదు.

రెండవది, వ్రాయుటకు ముందు నోటితో వాదింపజేయవలెను. ఒక్కొక్క విద్యార్థియు ముందుగా ఎదుటివాని వాదమును తన మాటలలో చెప్పవలెను. ‘ఔను, నేను చెప్పదలచినది ఇదియే’ అని ఎదుటివాడు ఒప్పుకొన్న పిమ్మటనే దానిని ఖండింపవలెను. పూర్వపక్షమును దుర్బలముగా చూపి సులభముగా గెలుచు దోషమునకు ఇంతకంటె మంచి మందు లేదు.

మూడవది భాష. మొరసునాటి బాలుని మాటకు తనదైన యాసయు, తనదైన పదసంపదయు కలవు. తొలి ప్రతిని అతడు ఆ భాషలోనే వ్రాయనిండు. యోచన నిలద్రొక్కుకొనక మునుపే వర్ణక్రమ దోషములను ఎఱ్ఱసిరాతో దిద్దినచో, అతడు తనకు తెలిసిన వాదమును విడిచి, తప్పురాని గైడు వాక్యమును ఆశ్రయించును. రెండవ ప్రతిలో భాషను సంస్కరింపవచ్చును. ఇచట యాసను మెచ్చుకొనుటయే పరమావధి కాదు. యాసలో పుట్టిన హేతువు శిష్టభాషలోనికి చెడక చేరుటయే ప్రయోజనము.

నాల్గవది దిద్దుబాటు. ఉపాధ్యాయుడు తన అభిప్రాయముతో ఏకీభవించిన వ్యాసమునకు ఎక్కువ గుణములిచ్చినచో పద్ధతి యంతయు వ్యర్థమగును. ప్రతిజ్ఞ స్పష్టమా, ఆధారము నవలలో కలదా, ఉపనయము చేయబడినదా, పూర్వపక్షమునకు న్యాయము జరిగినదా అను నాలుగింటినే చూడవలెను.

ఆక్షేపణలు

ఈ పద్ధతికి మూడు ఆక్షేపణలు రావచ్చును. మహారచయితలను బాలురు విమర్శించుట అవినయమనుట మొదటిది. కాని వీరేశలింగముగారే తమ కాలపు పెద్దలను ప్రశ్నించి నిలిచినవారు. వారి నవలను ప్రశ్నింపకయే పూజించుట వారి మార్గము కాదు. ఆధారముతో, మర్యాదతో చేయు ప్రశ్న గౌరవమునకు లోపము కాదు.

తర్కము వలన రసాస్వాదనము చెడుననుట రెండవది. ఇందు కొంత సత్యము కలదు. నవలను మొదటిసారి చదువునపుడు ప్రశ్నలు వేయరాదు; కథ తన పని తాను చేయవలెను. వాదము రెండవ పఠనమునకు చెందినది. పైగా, రెండవసారి చదువుటకు విద్యార్థికి కారణము కల్పించుటయే వాదము చేయు ఉపకారము.

పరీక్షకు పనికిరాని శిక్షణకు కాలమెచట నున్నదనుట మూడవది. తెలుగు పాఠమునకే గంటలు తగ్గిన సీమలో ఇది అన్నిటికంటె బరువైన ఆక్షేపణ. పాఠశాలలో వీలుకానిచో సంవత్సరమున కొకటి రెండు నవలలతో తెలుగు సంఘములు, గ్రంథాలయములు ఈ పనిని చేపట్టవచ్చును. పద్యపఠనమునకును, వక్తృత్వమునకును బహుమానములిచ్చు సభలు వాదవ్యాసమునకు ఒక బహుమానమును చేర్చుట కష్టము కాదు. గెలిచిన వ్యాసముతోపాటు దానికి ప్రతిపక్షమైన ఉత్తమ వ్యాసమును గూడ చదివింపవలెను.

భాషను కాపాడుకొనవలెనను కోరిక మొరసునాటి తెలుగువారిలో బలముగా కలదు. ఆ కోరికను అధికారుల యెదుట, న్యాయస్థానముల యెదుట, పొరుగు భాషలవారి యెదుట చెప్పుకొనవలసిన అవసరమును కలదు. ఉద్వేగముతో చెప్పినది సభలో చప్పట్లను తెచ్చును. ఆధారముతో చెప్పినది కాగితముపై నిలుచును. ఎదిరిపక్షమునకును న్యాయము చేయుచు తన పక్షమును నిలుపగల శక్తి ఒక్కనాట రాదు. రాజశేఖరుడు అవివేకియా, దురదృష్టవంతుడా యను చిన్న ప్రశ్నపై పదునాలుగేండ్ల ప్రాయమున తెలుగున వాదించినవాడు, నలువదియేండ్ల ప్రాయమున పెద్ద ప్రశ్నపై తెలుగున వాదింపగలడు. ఆ అభ్యాసమునకు నవలకంటె అనువైన క్షేత్రము లేదు.